పొద్దుటి అప్పగింత

"నిద్రపోతున్న మనిషికి పసిపిల్లని అప్పగించి పోయావా?"

అత్తగారు ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొదటిసారి కొడుకు మెట్లెక్కుతుంటే అడిగింది. రెండోసారి అతను గుమ్మానికి ఆనుకుని ఊపిరి తీసుకుంటుంటే అడిగింది. ఇప్పుడు గొంతు బాగా తగ్గించి అడిగింది. ఆవిడ గొంతు తగ్గిందంటే కోపం పెరిగిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"ముందు పిల్లేదమ్మా?" అన్నాడతను.

"నా ఒళ్లో ఉన్నది మరేమనుకున్నావు? ఉతికిన బట్టలా?"

అప్పుడు కనిపించింది అతనికి. నాలుగో నెల నిండుతున్న కూతురు నానమ్మ ఒళ్లో వెల్లకిలా పడుకుని, తన పిడికిలిని కళ్ల ముందుకు తెచ్చుకుని, ఇది ఎవరిదా అన్నట్టు చూసుకుంటోంది. అతను బూట్లతోనే లోపలికి వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. తల తడిమాడు. మెడ వెనక, వీపు, మోచేతులు, ఒక్కొక్క వేలు. ప్లాంటులో వాల్వులు ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోయినట్టు ఏదీ వదలకుండా చూశాడు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

"ఏం కాలేదు," అంది అత్తగారు. "అయ్యేది."

"ఫోన్లో 'నువ్వు రా' అని పెట్టేశావు. ఇంకొక్క ముక్క చెప్తే ఏం పోయేది?"

"ఇంకో ముక్క చెప్పే ఓపిక ఉంటే నిన్నెందుకు పిలుస్తాను?" ఆవిడ గడ్డంతో బాల్కనీ వైపు చూపించింది. "పాలు తీసుకుని తలుపు తోసేసరికి బొంత అక్కడుంది, ఇది అదిగో, ఆ గడప మీదుంది. తల అవతల, కాళ్లు ఇవతల. ఇంకొక్క దొర్లు దొర్లితే కింద గచ్చు."

"దొర్లిందా?"

"మరి నడిచి వెళ్లిందా?"

"అమ్మా, ఇది ఇంతవరకు బోర్లా పడనే లేదు."

"ఇవాళ పడింది. ఒకసారి కాదు, రెండుసార్లు పడి ఉంటుంది, లేకపోతే అంత దూరం రాదు." ఆవిడ పిల్ల నెత్తిన చెయ్యి వేసింది. "ఎవరూ చూడకుండా పడింది నా మిరియం."

పుట్టినప్పటి నుంచి ఆవిడ దాన్ని మిరియం అనే పిలుస్తోంది. గింజంత ఉండి ఇల్లంతా ఘాటెక్కిస్తుందని.

పడకగది తలుపు దగ్గర కోడలు నిలబడి ఉంది. జుట్టు ముడి సగం జారింది. అత్తగారు పిల్లని ఎత్తుకుని మంచం వైపు తొంగి చూసినప్పుడు ఆమె ఉలిక్కిపడి లేచింది. లేచిన మనిషి ఆ తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. అప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడమని ఎవరూ అడగలేదు కూడా. ఆమె నిద్రపోయిందనే అందరూ అనుకుంటున్నారు.

*

భార్యాభర్తలిద్దరిదీ ఒకటే పని. ఊరికి తాగే నీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో ఆపరేటర్లు. కాలువ నుంచి బురదగా వచ్చిన నీళ్లు వాళ్ల చేతుల మీదుగా వెళ్లి, ఇంటింటి కుళాయిలోంచి తేటగా బయటికొస్తాయి. పటిక ఎంత, క్లోరిన్ ఎంత, ఏ పంపు ఆగాలి, ఏది తిరగాలి అన్నది కంట్రోల్ రూములో ఒక కుర్చీలో కూర్చున్న మనిషి చూసుకోవాలి. ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదు.

అందుకని అక్కడొక పద్ధతి ఉంది. డ్యూటీ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి అన్నీ వరసగా నోటితో చెప్పాలి. అంతా విని, వచ్చిన మనిషి "తీసుకున్నా" అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే కుర్చీలోంచి లేవాలి. కడుపునొప్పి వచ్చినా, బయట వాన కమ్ముకొస్తున్నా సరే, ఆ మాట లేకుండా లేవడానికి లేదు. వీళ్లిద్దరూ ఒకరినొకరు ఇష్టపడింది కూడా ఆ అప్పగింతల్లోనే. అతను చెప్పే వరస రోజురోజుకీ పొడుగవుతోందని ముందుగా కనిపెట్టింది ఫోర్‌మన్. "పంపులు నాలుగే కదయ్యా, ఆ అమ్మాయికి అరగంట నుంచి ఏం అప్పగిస్తున్నావు?" అని అడిగాడట.

పిల్ల పుట్టాక ఆ ఇంట్లో పొద్దున్నే ఒక యుద్ధం. పాలు పొంగేవి, ఉతికిన గుడ్డ దొరికేది కాదు, అతను ఒక కాలికి సాక్స్ వేసుకుని రెండోది వెతుక్కుంటూ డ్యూటీకి ఆలస్యమయ్యేవాడు. ఇక ఈ వారంతో ఆమె కాన్పు సెలవు అయిపోతోంది, సోమవారం నుంచి మధ్యాహ్నం డ్యూటీ. అందుకే పోయిన వారం అతను, "ఊరంతటికీ నీళ్లు నడిపేవాళ్లం, ఒక పిల్లని నడపలేమా?" అని, పొద్దున్నే ఎవరు ఏం చెయ్యాలో తనే కుదిర్చాడు.

చీకటి విడుతుండగానే అతను లేస్తాడు. నీళ్లు కాచి, పిల్ల ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, పాలు పట్టి, ముందుగదిలో బొంత మీద పడుకోబెడతాడు. తర్వాత పడకగది తలుపు దగ్గర నిలబడి అన్నీ వరసగా చెబుతాడు. "పాలు తాగింది. తేనుపు వచ్చింది. గుడ్డ మార్చాను. కుడికన్నులో కొంచెం పుసి ఉంది, తుడిచాను. అలక లేదు." లోపల్నుంచి ఆమె, "తీసుకున్నా" అంటుంది. అతను వెళ్లిపోతాడు. ఆమె లేచి పిల్లని చూసుకుంటూ వంట, స్నానం కానిచ్చుకోవాలి. అత్తగారు పాలకి, కూరలకి వెళ్లొస్తుంది.

పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తోందని అతను ప్లాంటులో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

*

"నా తప్పేనమ్మా," అన్నాడతను. పిల్ల పాదం ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది. "తీసుకున్నా అంది. స్పష్టంగా అంది. కళ్లు తెరిచి అందో లేదో నేను చూడలేదు. ప్లాంటులో అయితే చూసేవాణ్ణి."

"ప్లాంటు, ప్లాంటు. ఇంట్లో ఆ మాట ఎత్తకు కాసేపు."

"ఎత్తాలి. నిద్రలో కూడా నోరు ఆ మాట అనేస్తోందంటే అర్థం ఏమిటి? మనిషి లేకుండానే మాట వస్తోందన్నమాట."

"అలిసిపోయింది రా. నాలుగు నెలలుగా కన్నంటుకున్న రాత్రి ఉందా దానికి? దాన్నేమీ అనకు."

"అనట్లేదు. దాన్నేమీ అనట్లేదు." అతను మొదటిసారి భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే ఆమెకి కష్టంగా ఉంది. "నువ్వు సోమవారం రావద్దు," అన్నాడు మెల్లగా.

ఆమె తలుపు చెక్కని పట్టుకుంది.

"ఫోర్‌మన్ గారికి నేనే చెప్తాను. ఇవాళే చెప్పాలి. నిద్రలో తీసుకున్నా అనే మనిషిని ఆ కుర్చీలో ఎలా కూర్చోబెడతాం? ఇక్కడంటే అమ్మ వచ్చింది. అక్కడ ఎవరొస్తారు? ఊరంతా తాగే నీళ్లు."

"సోమవారం నేను రాకపోతే ఆ కుర్చీ నాది కాదు," అంది ఆమె. పొద్దుట్నుంచి ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

"తెలుసు."

"నా బదులు వేసిన మనిషికి ఇచ్చేస్తారు."

"తెలుసు. తెలిసే అంటున్నాను. నువ్వే నా చోట ఉంటే ఏం చేసేదానివి?"

అతని చోట తనుంటే అదే చేసేది. నీళ్ల విషయంలో ఇద్దరూ ఒకే రకం మనుషులు.

అత్తగారు చీర చెంగుతో పిల్ల మూతి తుడిచింది. "దానికి ఆ పని ప్రాణం రా. ఒక్కరోజు కన్నంటుకుందని ఉద్యోగం మాన్పిస్తావా? అమ్మాయ్, నువ్వేం బాధపడకు. నిద్రని ఎవరాపగలరు? నేనే పాలకి ఇంకాస్త ఆగి వెళ్లాల్సింది. నాదే తప్పు."

ఆవిడ అలా ఆ తప్పుని కూడా తన ఒళ్లో వేసుకుంది, పిల్లని వేసుకున్నంత మామూలుగా.

కింద వీధిలో ఎవరో దుకాణం షట్టర్ ఎత్తుతున్న చప్పుడు. పిల్ల తన పిడికిలితో మాట్లాడుకుంటోంది.

ఆమె ఊరుకుంటే చాలు. అలిసిపోయిన తల్లిగా మిగులుతుంది. అందరూ జాలిపడతారు. పోయేది ఉద్యోగం ఒక్కటే. నోరు విప్పితే ఉద్యోగంతో పాటు ఆ జాలి కూడా పోతుంది. ఆ తర్వాత భర్త ఆమె మాట దేన్నైనా నమ్ముతాడో లేదో తెలియదు.

"నేను నిద్రపోలేదు," అంది ఆమె.

*

"ఏమన్నావు?" అన్నాడతను.

"మెలకువగానే ఉన్నాను. మీరు చెప్పినవన్నీ విన్నాను. పాలు తాగింది, తేనుపు వచ్చింది, మెడ కింద ఎర్రగా ఉంది, పౌడర్ రాశాను. అదేగా ఇవాళ మీరు చెప్పింది?"

ఇంట్లో ఆమె అతన్ని 'నువ్వు' అంటుంది. ప్లాంటులో 'మీరు' అంటుంది. ఇంట్లో 'మీరు' వచ్చిందంటే ఆమె చాలా దూరం వెళ్లి నిలబడి మాట్లాడుతోందని లెక్క.

"విని, తీసుకున్నా అన్నావా?"

"అన్నాను."

"అని లేవలేదా?"

"లేవలేదు."

అత్తగారి చెయ్యి పిల్ల పొట్ట మీద ఆగిపోయింది.

"ఆ మాట అబద్ధంగా అన్నావా నువ్వు?" అన్నాడతను. అరవలేదు. తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "పదేళ్లుగా ఆ ప్లాంటులో ఒక్కరు కూడా ఆ మాట అబద్ధంగా అనలేదు. తాగి వచ్చినవాడు కూడా, 'ఇవాళ నేను తీసుకోలేను, ఇంకెవర్నైనా పిలవండి' అన్నాడు కానీ, అబద్ధం ఆడలేదు."

"మీరు వెళ్లిపోతే బాగుండుననిపించింది. అందుకని అన్నాను."

"నేనా? నేనేం చేశాను? చీకటితో లేచి..."

"అన్నీ చేశారు. అన్నీ చేసి తలుపు దగ్గర నిలబడి వరసగా చెప్తారు. నాకు పిల్లనిస్తున్నట్టు ఉండదు. మూడో నంబరు పంపు ఇస్తున్నట్టు ఉంటుంది. తీసుకున్నా అనగానే అది ఏడవడం మొదలుపెడుతుంది. మీ చేతిలో అలక లేదు. నా చేతిలో ఉన్నంతసేపూ అలకే. ఒక్కరోజు, ఒక్క పావుగంట, అప్పగింత లేకుండా పడుకుందామనుకున్నాను. అంతే అనుకున్నాను."

"అంతే అనుకుని కళ్లు మూసుకున్నావు."

"లేదు." ఆమె గొంతు మారింది. "కళ్లు మూసుకోలేదు. దాన్ని చూస్తున్నాను."

*

మంచం మీద పడుకుంటే, తలుపు తెరిచి ఉన్నప్పుడు, ముందుగదిలో బొంత కనిపిస్తుంది. బొంత మీద పిల్ల కనిపిస్తుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అక్కణ్ణుంచి ఎప్పుడైనా చూశారా అంటే, ఎవరూ చూడలేదు. పిల్ల ఏడిస్తే వెళ్లడం, నిద్రపోతే తప్పుకోవడం. మధ్యలో చూడడం అనే పని ఎవరి వంతులోనూ లేదు.

"బాల్కనీలో నీళ్ల బేసిన్ పెట్టి వెళ్లారు మీరు. ఎండ పడింది దాని మీద," అంది ఆమె. "ఆ వెలుగు పైకప్పు మీద ఆడుతోంది. ఇది ఏడవలేదు. ఊఁ అనలేదు. దాన్నే చూస్తోంది. వెలుగు ఇటు జరిగితే ఇటు, అటు జరిగితే అటు. నేను దాని మొహం అంతసేపు ఎప్పుడూ చూడలేదు. నా దగ్గరున్నప్పుడు అది నన్ను అడుగుతూ ఉంటుంది. పాలడుగుతుంది, ఎత్తుకోమంటుంది, వద్దంటుంది. అప్పుడు ఏమీ అడగట్లేదు. ఎవర్నీ అడగట్లేదు. దాని పాటికి అది ఉంది."

అతను ఏదో అనబోయాడు. అత్తగారు చెయ్యెత్తి ఆపింది.

"వెలుగు పైకప్పు మీంచి గోడ మీదకి దిగింది. ఇది తల తిప్పింది. అయినా కనిపించలేదు. అప్పుడు కాలెత్తింది."

"ఏ కాలు?" అంది అత్తగారు.

"ఆఁ?"

"ఏ కాలెత్తింది? ఎటు తిరిగింది, కుడికా, ఎడమకా?"

"కుడికాలు. ఎడమకి తిరిగింది."

"చెయ్యి కింద ఇరుక్కుందా?"

"ఇరుక్కుంది."

"ఎలా తీసుకుంది? నువ్వు వెళ్లి తీశావా?"

"లేదత్తయ్యా. అదే తీసుకుంది."

అత్తగారు నలభై ఏళ్లు బడిపిల్లల బట్టలు కుట్టిన మనిషి. భుజం ఎక్కడ మొదలవుతుందో, చెయ్యి ఎటు వంగుతుందో చెప్పకపోతే ఆవిడకి మాట పూర్తయినట్టుండదు. "అలా నోటితో చెబితే నాకెలా తెలుస్తుంది?" అంది. "చూపించు."

"అమ్మా, ఇప్పుడా?" అన్నాడు కొడుకు.

"మరెప్పుడు? దానికి పెళ్లయ్యాకా? మీ తగువు ఎక్కడికీ పోదు. నేను పాల కోసం పోయి ఇది పోగొట్టుకున్నాను. నువ్వు నీళ్ల కోసం పోయి పోగొట్టుకున్నావు. చూసిన మనిషి ఒక్కర్తే ఉంది. చూపించనీ."

ఆమె వచ్చి బొంత మీద కూర్చుంది. అత్తగారు పిల్లని ఆమె పక్కన వెల్లకిలా పడుకోబెట్టింది. ఆమె కాస్త సిగ్గుపడుతూనే నడుం వాల్చింది. నలిగిన చీరతో, జారిన ముడితో, ముప్ఫై ఏళ్ల మనిషి, నీళ్ల ప్లాంటులో నాలుగు పంపులు నడిపే మనిషి, కుడికాలు గాల్లోకి ఎత్తింది.

"ఇలా ఎత్తి ఊరుకుంది. కాసేపు అలాగే ఉంచింది, ఎందుకెత్తిందో మర్చిపోయినట్టు. తర్వాత నడుం తిరిగింది, తల తిరగలేదు. తర్వాత భుజం. ఇదిగో, ఈ చెయ్యి ఇలా కిందికి పోయింది." ఆమె ముఖం బొంతకి ఆనింది. మాట సగం బొంతలోకే పోయింది. "ఊపిరాడదేమో అనుకున్నాను. లేవబోయాను. నిజంగా లేవబోయాను. అప్పుడు ఇలా పక్కకి జరిపి, మోచెయ్యి లాగి..."

ఆమె తలెత్తింది.

"ఇలా తలెత్తింది. ఎత్తి, ఎదురుగా చూసింది. దానికప్పటిదాకా పైకప్పు ఒక్కటే తెలుసు కదా. మన మొహాలు కూడా పైనుంచి వేలాడేవే కదా. మొదటిసారి నేల చూసింది. కుర్చీ కాళ్లు చూసింది. అత్తయ్య చెప్పులు చూసింది. ఒక్కొక్కదాన్నీ అలా చూసింది. అప్పుడు లేవాల్సింది నేను."

"మరి ఎందుకు లేవలేదు?" అని అడిగాడు అతను. అడిగింది తగువు కోసం కాదు. తెలుసుకోవాలని అడిగాడు.

"నన్ను చూస్తే దానికి ఆకలి గుర్తొస్తుందని."

ఎవరూ నవ్వలేదు.

"మళ్లీ దొర్లింది. గడప వైపు వెళ్తోందని తెలుస్తూనే ఉంది. లేవాలి అనుకుంటున్నాను. చెయ్యి మంచానికి ఆనించాను కూడా. అత్తయ్య తలుపు తోసింది. రాకపోతే లేచేదాన్నో, లేదో." ఆమె లేచి కూర్చుంది. "లేచేదాన్నే అని చెప్పొచ్చు. కానీ తెలియదు నాకు. మీకు అబద్ధం ఒకసారి చెప్పాను. ఇంకోసారి చెప్పను."

అప్పుడే అత్తగారు అతని మణికట్టు పట్టుకుంది.

బొంత మీద పిల్ల తల్లి వైపే చూస్తోంది. ఇంతసేపూ తన పక్కన కాలెత్తి, దొర్లి, తలెత్తిన ఈ పెద్ద ప్రాణిని అది ఏమనుకుందో ఎవరికి తెలుస్తుంది? దాని కుడికాలు లేచింది.

"పట్టుకోకు," అంది అత్తగారు గుసగుసగా.

కాలు గాల్లో ఆగింది. చిన్న వేళ్లు విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి. నడుం తిరిగింది. భుజం తిరిగింది. తల బొంతకి కొట్టుకుంది. చెయ్యి కిందికి పోయి ఇరుక్కుంది. దాని మెడ ఎర్రబడింది. మూలిగింది. ముగ్గురు పెద్దవాళ్లు చుట్టూ ఉన్నారు, ఆరు చేతులున్నాయి. ఒక్క చెయ్యి కూడా కదల్లేదు. అతని చెయ్యి కదలబోతే అత్తగారు ఇంకా గట్టిగా పట్టుకుంది, గాజులు అతని చర్మంలోకి దిగేంత గట్టిగా.

ఎక్కడో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది.

పిల్ల ఒకసారి ఆగింది. విశ్రాంతి తీసుకుంటున్నట్టు చెంప బొంతకి ఆనించింది. మళ్లీ మొదలుపెట్టింది. ఎవరు నేర్పారు దానికి, ఇరుక్కున్న చేతిని లాగితే రాదని, ముందు భుజాన్ని ఎత్తాలని? భుజం ఎత్తింది. చెయ్యి వచ్చింది. రెండు చేతులూ ముందు పెట్టుకుని, మెడ వణుకుతుండగా, తల లేపింది.

అతను ఎప్పుడు బోర్లా పడుకున్నాడో అతనికే తెలియదు. బూట్లు ఇంకా కాళ్లకే ఉన్నాయి. గడ్డం నేలకి ఆనించి, కూతురి కళ్లకి ఎదురుగా కళ్లు పెట్టాడు. ఇన్నాళ్లూ పైనుంచే చూసిన మొహాన్ని అది మొదటిసారి సమానంగా చూసింది. ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు చూసింది. తర్వాత గుర్తుపట్టింది. నోరంతా తెరిచి నవ్వింది.

అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

*

ఫోన్ మళ్లీ మోగింది. అత్తగారిదే, బీరువా మీద ఉంది. తను కదిలే స్థితిలో లేదు. "ఎవరో చూడమ్మా," అంది.

ఆమె లేచి తీసింది. ఫోర్‌మన్ పేరు కనిపించింది, అవసరానికని అతనే ఆ ఫోన్లో ఎక్కించిన నంబరు. వెనక్కి తిరిగి చూసింది. అతను నేల మీంచి తలెత్తలేదు. ఈ మాట ఎవరో ఒకరు చెప్పక తప్పదు. తన మాట తనే చెప్పుకోవడం మేలు.

"నేనండీ," అంది. "మీకొక సంగతి చెప్పాలి. సోమవారం గురించి. ఇవాళ పొద్దున నేను..."

"తర్వాత చెబుదువుగాని తల్లీ. మీ ఆయన ఫోన్ కూడా ఇక్కడే వదిలేసి, 'పిల్ల, పిల్ల' అంటూ గేటు దాటాడట, దానికేమైంది? ముందు అది చెప్పు."

"ఏం కాలేదండీ. బాగుంది. ఆడుకుంటోంది."

"హమ్మయ్య." అవతల పెద్దాయన నిట్టూర్పు గట్టిగానే వినిపించింది. ఆ వెనకే పంపుల రొద. "సరే, ఇప్పుడు ఇంకోటి చెప్పు. మీ ఆయన డ్యూటీ ఎవరికి అప్పగించి వచ్చాడు?"

ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు. "మీకే కదండీ?"

"నాకా? నేను పటిక గోడౌన్లో ఉన్నాను. ఎవరో పరుగెడుతున్నట్టు వినిపిస్తే ఇటొచ్చాను. వచ్చేసరికి కుర్చీ ఇంకా గుండ్రంగా తిరుగుతోందమ్మా. మనిషి లేడు."

ఆమె ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"నీళ్లకేం కాలేదులే. నేను కూర్చున్నాను, ఇప్పుడూ నేనే ఉన్నాను. కానీ కాసేపు ఇక్కడ ఎవరూ లేరు. అది నేను దాచలేను, నీకు తెలుసు. పైవాళ్లు అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

ఆమె నేల మీద పడుకున్న మనిషిని చూసింది. పెళ్లిరోజు పొద్దున తర్వాతి డ్యూటీ మనిషి రావడం ఆలస్యమైతే, రెండు కుటుంబాలూ ఎదురుచూస్తుంటే, "ఆయనొచ్చి తీసుకున్నా అనాలి, అప్పుడొస్తాను" అని కబురు పంపిన మనిషి. ఆ రోజు ఆమె ఒక్కతే కోప్పడలేదు. ఇలాంటి వాడితో బతుకు గట్టిగా ఉంటుందనుకుంది. ఆ మనిషి ఇవాళ తల్లి నోట 'నువ్వు రా' అన్న రెండు మాటలు విని, ఊరు మొత్తాన్నీ అలా వదిలేసి లేచి పరుగెత్తాడు. వచ్చి ఆ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకూడదనుకున్నాడని ఆమెకి అనిపించలేదు. గుర్తే ఉండి ఉండదు. కుర్చీలోంచి లేచినట్టే అతనికి తెలిసి ఉండదు.

గుప్పెడంత పిల్ల. దాన్ని చూస్తూ తను మంచం మీంచి కదలలేకపోయింది. దాని కోసం అతను కదలకూడని చోటి నుంచి కదిలాడు. ఇంత శక్తి ఎక్కణ్ణుంచి వచ్చింది దానికి? ఆమెకి భయమూ వేసింది, చేతులెత్తి మొక్కాలనీ అనిపించింది.

"లైన్లో ఉన్నావా తల్లీ?"

"ఉన్నానండీ."

"నువ్వేదో చెబుతానన్నావు, సోమవారం గురించి. నువ్వు ముందు చెప్తావా, ఫోన్ ముందు అతనికిస్తావా?"

ఫోన్లోంచి పంపుల రొద గదంతా వినిపిస్తోంది. అతను తలెత్తి భార్య మొహం చూశాడు. అందులో ఏం కనిపించిందో కానీ, అతని మొహంలో రంగు మెల్లగా దిగిపోవడం ఆమె చూసింది. ఒక చేత్తో పిల్ల వీపు పట్టుకుని లేచి కూర్చున్నాడు. తన కాళ్లనున్న బూట్లని ఎప్పుడూ చూడనట్టు చూసుకున్నాడు.

తర్వాత ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు. "ముందు నాది చెప్తానండీ," అంది.